ముందు రెఫరెన్స్ నిజమా కాదా చూడండి, చుక్కల సంగతి తర్వాత

మన దేశంలో వెలువడే వైద్య పత్రికల సంపాదకులకు,

నమస్కారం. నేను వరంగల్‌లో ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో 18 ఏళ్లుగా పనిచేస్తున్నాను. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం ఇప్పుడు మా పనిలో చిన్న భాగమే. పీజీలు, అసిస్టెంట్ ప్రొఫెసర్లు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి "మేడం, రెఫరెన్సులు ఒక్కసారి చూడరా" అని అడుగుతారు. రోజులో ఎక్కువ సేపు అదే పని. 2022లో మంచిర్యాల, రామగుండం, జగిత్యాల, మహబూబాబాద్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాక అక్కడి నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. వైద్యం నాకు తెలియదు. రెఫరెన్సులు తెలుసు, అంటే రాసిన మాట ఏ పేపర్‌లోంచి తీసుకున్నారో చూపించే వివరాలు. వాటి గురించే ఈ ఉత్తరం.

పోయిన వానాకాలంలో ఒక పీజీ డాక్టరమ్మ గడ్డిమందు కేసుల మీద రాసిన పేపర్ పట్టుకుని వచ్చింది. గడ్డిమందు అంటే పారాక్వాట్. మా వైపు చేలల్లో కలుపు చావడానికి కొట్టే మందు. ఎవరైనా తాగితే దానికి విరుగుడు లేదు. తమ కాళ్ల మీద నడిచొచ్చి, డాక్టర్‌తో మామూలుగా మాట్లాడిన మనిషి కూడా కొద్దిరోజుల్లో ఊపిరితిత్తులు గట్టిపడి ఊపిరందక పోతాడు. అలాంటి వాళ్లను క్యాజువాలిటీలో కళ్లారా చూసి, కేస్ షీట్లు ఒక్కొక్కటే తీసి, ఆ పిల్ల ఆ పేపర్ రాసింది. రెఫరెన్సులు 34.

మొదటి పత్రిక తొమ్మిది రోజులకు వెనక్కి పంపింది. పేపర్ ఎవరూ చదవలేదు, అది టెక్నికల్ చెక్ దగ్గరే, అంటే రాసిన పద్ధతి మాత్రం చూసే చోటే ఆగిపోయింది. వాక్యం పక్కన రెఫరెన్స్‌ను చూపే సైటేషన్ నంబర్లు పైకి ఎత్తి రాశారు, బ్రాకెట్లో పెట్టండి అన్నారు. పేజీలు 284-287 అని ఉన్నాయి, 284-7 అని కుదించండి అన్నారు. సరిచేసి పంపాం. మళ్లీ వాపసు. ముగ్గురు రచయితల తర్వాత "ఎట్ ఆల్" (ఇంకా మిగతావాళ్లు) అని పెట్టారు, ఆరుగురి దాకా రాయాలన్నారు. అదీ చేశాం. అప్పుడు రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది: మా పత్రిక పరిధిలోకి రాదు. ఆ ముక్క మొదటి రోజే తేలేది కదా.

రెండో పత్రికకు అన్నీ తిరగేయాలి. నంబర్లు మళ్లీ పైకెత్తాలి, అదీ ఫుల్‌స్టాప్ తర్వాత. ఆరుగురు మళ్లీ ముగ్గురు కావాలి. పేజీలు పూర్తిగా రాయాలి. ప్రతి దానికీ డీఓఐ, అంటే ఆ పేపర్‌కు ఉండే శాశ్వత గుర్తింపు నంబర్ ఇవ్వాలి. మూడో పత్రిక నెల, ఇష్యూ నంబర్ కూడా అడిగింది. ఇవన్నీ ఆ పిల్ల నైట్ డ్యూటీ దిగి వచ్చి చేసుకునేది. ఒకరోజు మా రీడింగ్ రూమ్‌లో బల్ల మీద తలవాల్చి, "మేడం, మళ్ల వాపసొచ్చింది. ఈసారి జర్నల్ పేర్లల్ల చుక్కలు తీసెయ్యమంటున్నరు" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "చుక్కలు నేను తీస్తాలే, నువ్వు పోయి పడుకో బిడ్డా" అన్నాను.

చుక్కలు తీయడానికి కూర్చుని ఒక్కో రెఫరెన్స్‌నూ పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్లు వెతికే ఆన్‌లైన్ జాబితా) తెరిచాను. 19వ నంబర్ దగ్గర ఆగిపోయాను. పారాక్వాట్ తాగినవాళ్లలో ఎంతమంది చనిపోతారో చెప్పే ఒక అంకెకు ఆ రెఫరెన్స్ ఇచ్చారు. తెరిస్తే అది ఒక రివ్యూ వ్యాసం, అంటే వేరేవాళ్ల పేపర్లను కలిపి సమీక్షించేది. అందులో ఆ అంకెకు ఇంకో పేపర్‌ను చూపించారు. ఆ పేపర్ తెప్పించి చదివితే, ఆ అంకె ఐసీయూలో చేరిన రోగులది మాత్రమే. తాగిన అందరిదీ కాదు. మా పిల్ల పేపర్‌లో మాత్రం అది అందరి లెక్కలాగా ఉంది. మూడు పత్రికల టెక్నికల్ చెక్‌లు దాటుకుని, చుక్కలూ కామాలూ అన్నీ తప్పుపట్టించుకుని వచ్చిన ఆ 34 రెఫరెన్సుల్లో, అసలు తప్పు ఉన్న ఆ ఒక్కదాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. ఆ తప్పు మాదే, ముందుగా మేం చూసుకోవాల్సింది. కానీ మీరు మా దగ్గర అడిగినవన్నీ వేరే విషయాలు.

మా ఏనుమాముల మార్కెట్‌కు ఎప్పుడైనా వచ్చారా? సీజన్‌లో మిర్చి బస్తాలు గుట్టలుగా ఉంటాయి. ఖరీదుదారు ఎవరైనా ముందు బస్తాలో చెయ్యి పెట్టి కాయ తీసి విరిచి చూస్తాడు. రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, లోపల తాలు కాయలున్నాయా అని చూస్తాడు. బస్తా కుట్టు సరిగా లేదని రైతును మూడుసార్లు ఇంటికి తిప్పి పంపి, కాయ మాత్రం చూడకుండా కొనేవాడు మా మార్కెట్లో ఎవడూ లేడు. మా పేపర్ల విషయంలో మీరు చేస్తున్నది అదే.

మీకు గుర్తు చేయాల్సిన సంగతి ఒకటుంది. 1978 జనవరిలో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో కూర్చున్నారు. మనం ఇప్పటికీ వాంకూవర్ స్టైల్ అని పిలుచుకునేది ఆ ఊరి పేరు మీదే. వాళ్లు రాసుకున్న నియమాలు 1979లో అచ్చయ్యాయి. రెఫరెన్సులు ఎలా రాయాలో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం తయారుచేసి ఇచ్చింది. తర్వాత ఆ గుంపే పెరిగి వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ అయింది. టైప్‌రైటర్ల కాలం అది. ఒక పత్రిక కాదంటే ఇంకో పత్రిక కోసం పేపర్ మొత్తం మళ్లీ టైపు చేయించుకోవాలి. ఆ బాధ తప్పించడానికే వాళ్లు కూర్చున్నారు. ఈ నియమాల ప్రకారం రాసి పంపితే, శైలి మార్చమని పేపర్ వెనక్కి పంపం, ముందు చదివి ఉంచుకోవాలా వద్దా తేలుస్తాం, అచ్చు వేసేటప్పుడు మా పద్ధతిలోకి మేమే మార్చుకుంటాం అని ఒప్పుకున్నారు. అది రచయితలకు ఇచ్చిన మాట. మన పత్రికల్లో చాలా వాటి సూచనల పేజీలో ఆ కమిటీ నియమాలు పాటిస్తున్నామని ఉంటుంది. అలాంటప్పుడు ఆ మాట కూడా మీదే.

ఈ పని ఎంత సమయం తింటుందో లెక్క ఉంది. 2019లో ప్లాస్ వన్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 41 దేశాల నుంచి 372 మందిని అడిగారు. ఒక్కో పేపర్‌కు ఫార్మాటింగ్‌కే మధ్యస్థంగా 14 గంటలు పోతున్నాయని తేలింది, ఒక్కో మనిషికి ఏడాదికి 52 గంటలు. డబ్బున్న సంస్థల్లో ఆ పనికి మనుషులుంటారు. మా పీజీలకు ఆ గంటలు నిద్రలోంచి పోతాయి, లేదంటే ఎంజీఎం చౌరస్తా చుట్టుపక్కల డీటీపీ సెంటర్‌లో పేజీకింత అని ఇచ్చి చేయించుకోవాలి. డీటీపీ అబ్బాయి అక్షరాలు చక్కగా పెడతాడు. రెఫరెన్స్ సరైనదో కాదో అతనికెలా తెలుస్తుంది? నంబర్లు చేత్తో టైపు చేస్తాడు. గైడ్ సార్ ఏడో రెఫరెన్స్ కొట్టేయమన్నారనుకోండి, ఎనిమిది ఏడవుతుంది, తొమ్మిది ఎనిమిదవుతుంది, వ్యాసం మధ్యలో ఒకటి రెండు మారకుండా మిగిలిపోతాయి. అప్పుడు పాము కాటు గురించిన వాక్యానికి డయాబెటిస్ పేపర్ రెఫరెన్స్ అవుతుంది. నేనిది కళ్లారా చూశాను, ఒకసారి కాదు.

రెఫరెన్స్ తప్పితే ఏమవుతుందో వైద్య చరిత్రలోనే ఉంది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. ఆసుపత్రిలో చేరి మత్తు నొప్పిమందులు తీసుకున్న 11,882 మందిలో నలుగురికే అలవాటు పడ్డ ఆధారం కనిపించిందని అందులో రాశారు. అంతే. ఇంటికి పంపి నెలల తరబడి ఇచ్చే మందుల గురించి అందులో ఒక్క మాట లేదు. 2017లో అదే పత్రికలో కొందరు పరిశోధకులు లెక్కకట్టారు. అప్పటిదాకా ఆ ఉత్తరాన్ని 608 సార్లు ఉటంకించారు. వాటిలో 439 సార్లు, అంటే నూటికి డెబ్బై రెండు, ఆ మందులకు అలవాటు పడటం అరుదు అని చెప్పడానికే వాడుకున్నారు. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లన్న సంగతి 491 మంది రాయనే లేదు. ఉత్తర అమెరికాలో ఆ మందులు అంతమందిని బలి తీసుకోవడంలో ఈ రెఫరెన్స్‌కూ వంతు ఉందని ఆ పరిశోధకులే రాశారు. ఆ 608 చోట్ల సంపుటి, పేజీ, సంవత్సరం దాదాపు అంతటా సరిగానే ఉండి ఉంటాయి. చుక్కలు కూడా.

ఇది ఒక్క ఉత్తరం కథే అనుకోవడానికి వీల్లేదు. వైద్య పత్రికల్లో రెఫరెన్స్ ఇచ్చిన మాట అసలు పేపర్‌లో ఉందా లేదా అని చూసిన 28 పరిశోధనలను కలిపి 2015లో పీర్‌జే పత్రికలో విశ్లేషించారు. నూటికి ఇరవై ఐదు చోట్ల ఏదో ఒక తప్పు. నూటికి దాదాపు పన్నెండు చోట్ల పెద్ద తప్పు. నాకు 19వ నంబర్ దగ్గర దొరికిన తప్పు ఆ పన్నెండు రకంలోదే.

ఇప్పుడు ఇంకో బెడద వచ్చింది. చాట్‌జీపీటీలాంటి వాటిని అడిగితే రెఫరెన్సుల లిస్టు నిమిషంలో ఇస్తుంది, వాంకూవర్ స్టైల్‌లో, ఒక్క కామా తప్పు లేకుండా. 2023లో కొందరు దానితో 30 చిన్న వైద్య వ్యాసాలు రాయించి, అది ఇచ్చిన 115 రెఫరెన్సులు పరీక్షించారు. 47 శాతం అసలు లేనే లేవు. ఇంకో 46 శాతం ఉన్నవే కానీ వివరాలు తప్పు. పూర్తిగా సరైనవి 7 శాతం. ఇది పాత వెర్షన్ సంగతి, కొత్తవి కొంత మెరుగయ్యే ఉంటాయి. కానీ నా భయం ఒకటే. లేని పేపర్‌ను కల్పించి, ఫార్మాట్ మాత్రం మీరు అడిగినట్టు పెడితే, మీ టెక్నికల్ చెక్ దాన్ని చిరునవ్వుతో లోపలికి పంపుతుంది. చదివి, తెరిచి చూసి, నిజాయితీగా 34 రెఫరెన్సులు రాసిన పీజీని మాత్రం గుమ్మంలో నిలబెడుతుంది. ఈ పరీక్ష తలకిందులుగా ఉంది సార్.

పేర్ల సంగతి కూడా చెప్పాలి, ఇది మా తెలుగువాళ్ల గోడు. మాకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. వాంకూవర్ పద్ధతిలో చివర ఉన్నదే ఇంటిపేరు అనుకుని ముందుకు తెచ్చి, మిగతావి పొడి అక్షరాలు చేస్తారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టి రాసిన పేపర్ ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో రెఫరెన్స్‌గా వాడతారు: ఫిస్క్ సీహెచ్, సుబ్బారావు వై, జె బయోల్ కెమ్, 1925, 66వ సంపుటి, పేజీలు 375-400. ప్రపంచానికి ఆయన ఇంటిపేరు సుబ్బారావు, యల్లాప్రగడ అన్నది ఒక్క "వై" అయింది. మా వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి పేరు పెట్టుకున్న కాళోజీ నారాయణరావు గారు వైద్య పత్రికలో పేపర్ రాసి ఉంటే ఆయన "రావు కేఎన్" అయ్యేవారు. ఆ ఒక్క పేరు కింద మన దేశంలో ఎంతమంది డాక్టర్లు ఉన్నారో మీరే వెతికి చూడండి. నాకు తెలిసిన ఒక ప్రొఫెసర్ గారి పేరు పబ్‌మెడ్‌లో మూడు రకాలుగా ఉంది. ప్రమోషన్‌కు ప్రచురణలు చూపించాలి కదా, ఆ మూడూ తానేనని రుజువు చేసుకోవడానికి ఆయన నా దగ్గర రెండు పూటలు కూర్చున్నారు. సబ్మిషన్ ఫారంలో "మీ పేరు రెఫరెన్స్‌లో ఎలా కనపడాలి" అని ఒక్క గడి పెట్టండి. 2012 నుంచి ఒక్కో పరిశోధకుడిని గుర్తించే ఆర్కిడ్ నంబర్ ఉంది, 16 అంకెలు, ఉచితం. అది కూడా తప్పనిసరిగా అడగండి. రచయితలు ఐదు నిమిషాల్లో తీసుకుంటారు.

మరి నేను అడుగుతున్నదేంటంటే, మొదటిసారి పంపినప్పుడు రెఫరెన్సులు ఏ పద్ధతిలో ఉన్నా తీసుకోండి. మొత్తం ఒకే పద్ధతిలో ఉండాలి, ప్రతి దానికీ డీఓఐ గానీ పబ్‌మెడ్ నంబర్ గానీ ఉండాలి, అంత చాలు. ఆ నంబర్ ఉంటే మీ దగ్గరున్న సాఫ్ట్‌వేర్ ఏ శైలిలోకైనా మార్చగలదు. పేపర్ తీసుకుంటున్నాం అని చెప్పాక మీ చుక్కలు మీరు అడగండి, అప్పుడు ఏ పీజీ అయినా సంతోషంగా కూర్చుని పెడుతుంది. ఎల్సెవియర్ లాంటి పెద్ద ప్రచురణకర్తలే చాలా పత్రికల్లో ఈ వెసులుబాటు ఎప్పుడో ఇచ్చారు. మన పత్రికలకు ఎందుకు కష్టమో నాకు అర్థం కావడం లేదు.

అలా మిగిలిన సమయం కాయ విరిచి చూడటానికి పెట్టండి. ప్రతి రెఫరెన్స్ నిజంగా ఉందా, అచ్చువేశాక నమ్మదగినది కాదని పత్రిక వెనక్కి తీసుకున్న పేపర్ ఏదైనా అందులో ఉందా అని చూడటం ఇప్పుడు మెషిన్ పని. వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితాను రిట్రాక్షన్ వాచ్ వాళ్లు ఏళ్ల తరబడి తయారుచేశారు, 2023లో డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ దాన్ని తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది. టీకాలకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ పేపర్‌ను 2010లోనే వెనక్కి తీసుకున్నారు, అయినా దాన్ని మామూలు పేపర్‌లా రెఫరెన్స్ ఇచ్చిన థీసిస్ డ్రాఫ్టు నా బల్ల మీదికి వచ్చింది. ఇంక మిగిలింది మనిషి చేయాల్సిన పని. పేపర్‌లో ముఖ్యమైన మాటలు ఏ రెఫరెన్సుల మీద నిలబడ్డాయో అలాంటివి ఐదు ఎంచి, తెరిచి చదవమని పేపర్‌ను పరీక్షించే రివ్యూయర్‌ను అడగండి. రచయితను కూడా అడగొచ్చు: ఈ ఐదింట్లో మీరు చెప్పిన మాట ఏ పేజీలో ఉందో చూపించండి అని. చదివినవాళ్లకు అది పది నిమిషాల పని.

మీ సూచనల పేజీ ఒకసారి మీరే చదివి చూడండి. కొన్ని పత్రికల్లో అక్కడ రాసింది ఒకటి, అదే పత్రిక పోయిన నెల అచ్చువేసిన వ్యాసాల్లో ఉన్నది ఇంకొకటి. పిల్లలు దేన్ని చూసి చేయాలి? మీ పత్రిక శైలి ఫైలు తయారుచేసి, రెఫరెన్సులు సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటెరోలో పెడితే గొడవే ఉండదు. అందులో ఇప్పటికే పదివేలకు పైగా శైలులున్నాయి.

మా వైపు చేయాల్సింది కూడా నేను దాచను. పాత థీసిస్‌లోంచి రెఫరెన్సుల లిస్టు ఎత్తి పెట్టుకోవడం, అబ్‌స్ట్రాక్ట్ మాత్రం చదివి పేపర్ చదివినట్టు రాయడం మా దగ్గర ఉంది. గైడ్ సార్లకు, మేడమ్‌లకు నా మనవి: పీజీ మొదటి సంవత్సరంలోనే జొటెరో నేర్పించండి. ఉచితం, వెనక్కి తీసుకున్న పేపర్ ఉంటే ఎర్రగా చూపిస్తుంది, ఏడో నంబర్ కొట్టేస్తే మిగతావి తానే సర్దుకుంటుంది. పిల్లలను నా దగ్గరికి పంపండి, రెండు గంటల్లో నేర్పి పంపిస్తాను. మా లైబ్రరీలో ప్రతి శనివారం మధ్యాహ్నం ఇదే పని పెట్టుకున్నాను.

ఆ గడ్డిమందు పేపర్ ఇప్పుడు నాలుగో పత్రికకు పోవాలి. 19వ నంబర్ తీసేసి, అసలు పేపర్‌నే చదివి, అందులో ఏముందో అదే రాసింది ఆ పిల్ల. మిగతా 33 కూడా మేమిద్దరం కూర్చుని ఒక్కోటీ తెరిచి చూశాం. అన్నిటికీ డీఓఐ గానీ పబ్‌మెడ్ నంబర్ గానీ పెట్టాం. జర్నల్ పేర్లల్లో చుక్కలు మాత్రం ఇంకా ముట్టుకోలేదు. మీలో ఎవరైనా దీన్ని ఇలాగే తీసుకుని చదువుతామంటే చెప్పండి, రేపే పంపిస్తుంది.

మీ జవాబు కోసం చూస్తూ,
ఒక మెడికల్ కాలేజీ లైబ్రేరియన్,
వరంగల్